వినేవాళ్లు రాసుకోవాలా?

డాక్టరు: శ్రీకాకుళం ఉద్దానంలో 1969 నాటి నక్సలైటు పోరాటం లెక్కలన్నీ ఎన్‌కౌంటర్లలో చనిపోయినవాళ్ల లెక్కలే, మాస్టారూ. మే 27న జలంత్రకోట దగ్గర పంచాది కృష్ణమూర్తితో కలిపి ఏడుగురు. డిసెంబరు 22న రంగమటియా కొండల్లో సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల, వాళ్ల సహచరులు. మరుసటి ఏడు జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. ఈ తేదీలు నోటికి వచ్చినవాళ్లు బొడ్డపాడు వైపు ఇప్పటికీ ఉన్నారు. అప్పటికి ఆరేళ్లో ఎనిమిదేళ్లో ఉన్న పిల్లల సంగతి మాత్రం ఏ లెక్కకూ ఎక్కలేదు. పోలీసు ఫైలుకు వాళ్లు ముద్దాయిలు కారు, ఉద్యమ చరిత్రకు వాళ్లు ఫలానావారి పిల్లలు మాత్రమే. సోదాకు వచ్చినవాళ్లు తలుపు విరిచిన రాత్రి తరవాత ఆ పిల్ల ఎన్నాళ్లు పక్క తడిపిందో, నాన్న జైల్లో ఉన్నాడో కొండల్లో ఉన్నాడో తెలియని గుంటడు బడిలో ఎందుకు నోరు విప్పలేదో ఎవరూ అడగలేదు. వాళ్లందరికీ ఇప్పుడు అరవై దాటింది. అందుకే అంటున్నాను, తుపాకుల మధ్య పెరిగే పిల్లల మనసు వైద్యం చూసుకోవలసిన విషయం. అసలు గొడవ తేలాక చూద్దామంటే కుదరదు. గొడవ ఏభై ఏళ్లు నడవగలదు గాని, బాల్యం పన్నెండేళ్లకు మించి ఉండదు.

మాస్టారు: అప్పుడు అడుగుదామన్నా మీ శాస్త్రానికే దానికో పేరు లేదు, డాక్టరు గారూ. భయంకర అనుభవం తరవాత వచ్చే మానసిక రుగ్మతను అమెరికన్ మనోవైద్యులు తమ జాబితాలో చేర్చింది 1980లో. అదీ వియత్నాం నుంచి ఇంటికి తిరిగి వచ్చిన సైనికుల కోసం. యుద్ధం ఒక దేశంలో, మంచం ఇంకో దేశంలో ఉన్నవాడికి పుట్టిన పేరది. అర్ధరాత్రి ఇంజను చప్పుడుకు అతను ఉలిక్కిపడితే జబ్బనవచ్చు, ఎందుకంటే అతని వీధిలోకి ఏ శత్రువూ రాడు. జిల్లాలో పలు ప్రాంతాలను కల్లోలితమని ప్రకటించిన 1969లో, పలాస నుంచి సుమ్మాదేవి, మందస, సోంపేట దాకా రైలు పట్టాలకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో జీపు చప్పుడుకు లేచి కూచున్న పిల్లకు జబ్బేమిటి? జీపు నిజంగానే వచ్చింది. రేపూ వస్తుంది. ఆ పిల్ల భయం తెలివైన భయం. దానికి జబ్బని పేరు పెట్టిన మరుక్షణం లోపం జీపులో నుంచి పిల్లలోకి మారిపోతుంది. అధికారులకు అంతకన్నా కావలసిందేముంది? కల్లోలం సంగతి అడగకుండా కౌన్సెలర్ని పంపితే సరిపోతుంది.

డాక్టరు: జ్వరం కూడా ఒంటి తెలివే. లోపలికొచ్చిన శత్రువు మీద ఒళ్లు చేసే యుద్ధమది. అయినా నూట నాలుగు దాటితే తడిగుడ్డ వేయకుండా, శరీరం తన పని తాను చేసుకుంటోందని చేతులు కట్టుకుని కూచోం. భయానికి కారణం సరైనదే అయినంత మాత్రాన ఆ భయం పిల్లను అరగదీయదని కాదు. నిద్ర లేని పిల్లకు ఎక్కం నిలవదు. పరీక్షల్లో ఏమీ దొరకని కడుపునొప్పి వస్తుంది. నోరుమూసుకున్న పిల్లను మంచిపిల్ల అని బడి మెచ్చుకుంటుంది, అల్లరి చేసినవాడినే పట్టుకుంటుంది. ఇవి నా ఊహలు కావు. గత పదేళ్లలో ఘర్షణ చూసిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వేసిన అంచనా, ఇరవై రెండు శాతం. ఊరుకుంటే అదే పోతుందనేవాళ్ల కోసం ఉత్తర ఉగాండా చెబుతాను. యుద్ధంతో ఇళ్లు వదిలి శిబిరాల్లో ఉంటున్న 314 మంది పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు వారం వారం కూర్చోబెట్టి దిగులు గురించి మాట్లాడించే చికిత్స, ఒకదానికి ఆటలూ బొమ్మలూ, మూడోదానికి అప్పటికి ఏమీ లేదు. ఫలితాలు 2007లో వచ్చాయి. మాట్లాడించిన గుంపులో ఆడపిల్లల దిగులు స్పష్టంగా తగ్గింది. ఆటలు దిగులును కదిలించలేకపోయాయి. పిల్లలను ఆడుకోనిస్తే చాలనే మన పెద్దల మాట నాకూ ఇష్టమే. కానీ ఆ శిబిరాల్లో అది నిలవలేదు.

మాస్టారు: మగపిల్లల మాట మింగేశారు. వాళ్ల విషయంలో ఆ చికిత్స పని చేసిందని గట్టిగా చెప్పగలిగే ఫలితం రాలేదు. పైగా మాట్లాడించినవాళ్లు మనోవైద్యులు కారు, శిక్షణ ఇచ్చిన స్థానికులే. అంటే మీరు చెప్పిన సాక్ష్యంలో సగం నా వైపే ఉంది. మిగతా సగానికి జవాబు సముద్రం అవతలే ఉంది. ఉత్తర శ్రీలంకలో, యుద్ధం నీడ పోని రోజుల్లో, దాదాపు నాలుగు వందల మంది తమిళ పిల్లలతో బడిలోనే ఒక కార్యక్రమం నడిపారు. ఫలితాలు 2012లో వచ్చాయి. అనుకున్న ప్రధాన ప్రయోజనాలు మొత్తం మీద కనబడలేదు. కొన్ని విషయాల్లో మగపిల్లలకు మేలు జరిగింది. ఆడపిల్లల్లో మాత్రం, కార్యక్రమంలో కూచున్నవాళ్లకన్నా కూచోనివాళ్లకే ఆ భయం లక్షణాలు ఎక్కువ తగ్గాయి. వినడానికి చేదుగా ఉన్నా పరిశోధకులు దాచలేదు, వాళ్లకు దండం పెట్టాలి. నాకు అందులో కనిపించే పాఠం ఇది: ప్రమాదం ఇంకా గుమ్మంలోనే ఉన్నప్పుడు పిల్ల తన లోపల కట్టుకున్న గోడను మనం బయటినుంచి విప్పితే, దాన్ని మళ్లీ కట్టుకునే తీరిక ఆ పిల్లకు ఉండదు.

డాక్టరు: ఒప్పుకుంటాను. ఆ అధ్యయనం చదివాక ఎవరైనా వెనకాముందూ చూసుకోవాలి. తప్పు చికిత్స ఉంటుందని అది చెప్పింది. చికిత్సే తప్పని చెప్పలేదు.

మాస్టారు: సరే, చికిత్స అంటే ఏమిటో నా వైపు నుంచి చెప్పనివ్వండి. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ పిల్లల కోసం శిశుగృహాలు నడిపారు. బాంబులకన్నా తల్లి నుంచి విడిపోవడమే చిన్నపిల్లలను ఎక్కువ దెబ్బతీసిందని వాళ్లు రాశారు. దాన్ని పట్టుకుని ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ చూడండి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, కొందరు ఇటు ఖమ్మం, వరంగల్ అడవులకు. మావోయిస్టులు బడులను పేల్చారు, బలగాలు బడుల్లో మకాం వేశాయి. తరవాత ప్రభుత్వం రోడ్ల పక్కన వెదురుతో, రేకులతో పోర్టా క్యాబిన్ బడులు కట్టి పిల్లలను అందులో ఉంచింది. చదువు దొరికింది, నిజమే. తల్లి దూరమైంది. ఇక్కడ పిల్ల మనసుకు వైద్యం ఏమిటంటారు? కౌన్సెలరా, ఊళ్లో బడా? ఇటు వచ్చిన గుత్తికోయ గిరిజనుల గుడిసెలను అటవీశాఖ పీకేసిన రోజున ఆ పిల్లలకు బొమ్మలు వేయించడం వైద్యమా? తల్లికి రేషన్ కార్డు, తండ్రికి కూలి, పిల్లకు కుల ధ్రువపత్రం, గుడిసె అక్కడే ఉంటుందన్న నమ్మకం. నా మందుల చీటీలో ఇవే ఉంటాయి. ఇంకొకటి కూడా. దుఃఖాన్ని ఊరంతా కలిసి మోయడం. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఎంచుకున్నది ప్రచారానికే కావచ్చు. కానీ ఆ పాటలు, ఆ తరవాత లేచిన అమరుల స్తూపం, ఏటేటా జరిగే సభ, ఇవి తండ్రి పోయిన పిల్లకు ఒక మాట చెప్పాయి: నీ ఏడుపు నీ ఒక్కదానిదే కాదు. సియెర్రా లియోన్‌లో సాయుధ దళాల నుంచి బయటపడ్డ పిల్లల వెంట థెరెసా బెటన్‌కోర్ట్ బృందం 2002 నుంచి ఏళ్ల తరబడి నడిచింది. ఊరు కలుపుకున్న పిల్లలు కోలుకున్నారు, వెలివేసినవాళ్లు చితికిపోయారు. దళంలో ఏం జరిగిందన్నదొక్కటే కాదు, ఇంటికొచ్చాక ఏం జరిగిందన్నదీ అంత పని చేసింది.

డాక్టరు: అక్కడే ఆగండి, మాస్టారూ. మీ వాదనలో నాకు బాగా నచ్చేది అదే, గుచ్చుకునేదీ అదే. స్తూపం మీద పేరున్న ఇంటి పిల్ల సంగతి చెప్పారు. పేరు లేని ఇళ్లున్నాయి. ఆనాడు వర్గశత్రు నిర్మూలన పేరుతో చంపినవాళ్లలో భూస్వాములు, వడ్డీ వ్యాపారులు ఉన్నారు. ఆ ఇళ్లలోనూ ఆరేళ్ల పిల్లలున్నారు, వాళ్ల కళ్లముందూ తలుపులు విరిగాయి. ఇన్‌ఫార్మరని ముద్రపడి పోయినవాడి కూతురుంది. సోదాకు వెళ్లిన కానిస్టేబులు తిరిగి రాకపోతే క్వార్టర్స్‌లో ఎదురుచూసిన కొడుకున్నాడు. వీళ్లకు పాట లేదు, సభ లేదు, నీ ఏడుపు మాది అన్న ఊరు లేదు. పైగా ఊరు పాడుతుంటే ఆ పాటలో తన తండ్రి రాక్షసుడని వినాలి. దుఃఖాన్ని ఊరంతా మోస్తుందన్నారే, ఊరు ఎంచుకుని మోస్తుంది. బెటన్‌కోర్ట్ చెప్పిన వెలి ఇదే. స్తూపం ఒక పిల్లను కలుపుకునే చోటే పక్కింటి పిల్లను బయట నిలబెడుతుంది. చికిత్స గదిలో నేను నేర్చుకున్న చదువుకు ఒక్కటే గొప్పతనం ఉంది. మీ నాన్న ఎవరు అని అడగదు, నీకు నిద్ర పడుతోందా అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఇద్దరికీ ఒకటే.

మాస్టారు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిజంగా లేదు. స్తూపం కట్టినవాళ్లు కూడా దీనికి జవాబు చెప్పవలసి ఉంది. పిల్లలను వాడుకున్న పాపమూ ఒక వైపుదే కాదు. బస్తర్‌లో మావోయిస్టులు ఆరేళ్ల నుంచే పిల్లలను బాలసంఘాల్లో చేర్చుకున్నారని, అటు సల్వాజుడుం కాలంలో పద్దెనిమిది నిండనివాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా తుపాకీ పట్టించారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో రాసింది. ఆ ప్రత్యేక పోలీసు నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చింది. ఇంత ఒప్పుకున్నాకా ఒక ముక్క మిగులుతుంది. ఇద్దరికీ ఒకటే ప్రశ్న వేస్తానన్నారు. నిద్ర సంగతి వరకు అది న్యాయమే. ఆ తరవాత? వడ్డీ వ్యాపారి కొడుకు భయం ఒక రాత్రిది. అతనికి తిరిగి నిలబడటానికి ఇల్లుంది, పొలముంది. మందస కొండల మీది సవర పిల్ల భయం ఆ రాత్రికి ముందే మొదలైంది, అప్పు కింద పండిన పంట పోయినప్పుడు. తరవాతా సాగింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా 1970లో ఒకటి బై డెబ్బై రెగ్యులేషన్ వచ్చిందే, ఆ పిల్ల రాత్రులకు అది మీ మాత్రలకన్నా ఎక్కువ చేసి ఉండాలి, సరిగా అమలై ఉంటే. మీ ప్రశ్నాపత్రంలో భూమికి గడి లేదు.

డాక్టరు: గడి పెట్టండి, నేనొద్దనను. కానీ ముందు పత్రమంటూ ఉండాలి. ఉద్దానంలో నిలబడి లెక్క వద్దంటే ఎలా? కిడ్నీ జబ్బు చూడండి. దశాబ్దాలు జనం కాళ్లు వాచి, పాలిపోయి చనిపోతే అది ఆ ఇంటి ఖర్మ. ఊరూరా రక్తం తీసి క్రియాటినిన్ చూడటం మొదలయ్యాకే అది ఉద్దానం జబ్బయింది. ఆ తరవాతే డయాలసిస్ కేంద్రాలు, వంశధార నుంచి తాగునీళ్లు, 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అయినా కారణం తేలేదాకా డయాలసిస్ వద్దని ఒక్క కుటుంబమూ అనలేదు. 1969 పిల్లలు లెక్కకెక్కి ఉంటే 2010 జూలై 14న సోంపేట బీలలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్నవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగినప్పుడు, పొగలో అమ్మానాన్నల కోసం వెతుక్కున్న పిల్లల దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి ఉండేవాళ్లు. అవి సాయుధ పోరాటాలు కావు, తుపాకి ఒకవైపే ఉంది. చూసిన పిల్లకు ఆ తేడా తెలియదు. ఎవరూ వెళ్లలేదంటే, పిల్లల దగ్గరికి వెళ్లాలన్న అలవాటే మనకు లేదు.

మాస్టారు: కిడ్నీ మాటే తీసుకుందాం. లెక్క వచ్చింది, నీళ్లొచ్చాయి, ఆసుపత్రి వచ్చింది. దాంతోపాటు ఉద్దానం సంబంధమంటే వెనక్కి తగ్గేవాళ్లూ వచ్చారు. రక్తంలో జబ్బుకే అలా ఉంటే మనసు జబ్బుకు ఎలా ఉంటుంది? మనూళ్లో దానికి ఉన్నది ఒకటే మాట, పిచ్చి. ఆ మాట పడ్డ ఆడపిల్లకు పెళ్లి సంగతి నేను చెప్పక్కర్లేదు. అది చిన్న భయం. పెద్దది వేరే ఉంది. క్రియాటినిన్ ఎవరినీ జైలుకు పంపదు. మీరు పిల్లను అడిగేది ఏమిటి? ఆ రాత్రి ఏం జరిగింది, ఎవరొచ్చారు, నాన్న ఎప్పుడు ఇంటికొచ్చాడు, ఎవరు అన్నం పెట్టారు. డాక్టరు అడిగినా ఇన్‌స్పెక్టరు అడిగినా అవే ప్రశ్నలు. పిల్ల వేసిన బొమ్మలో తుపాకీ పట్టుకున్న మామయ్య ఉంటే అది మీకు లక్షణం, ఇంకొకరికి ఆధారం. దళానికీ అంతే. బయటివాళ్లతో గంటసేపు మాట్లాడిన పిల్ల తల్లిని రేపు ఇన్‌ఫార్మర్ అంటారు. సెల్‌ఫోన్ ఉండటమే అనుమానమైన ఊళ్లకు 2022లో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ పెట్టాం, 14416కు ఫోన్ చేయండి అంటే నవ్వాలా ఏడవాలా? ఘర్షణ ప్రాంతంలో వినడం కూడా ఒక పక్షమే, డాక్టరు గారూ.

డాక్టరు: దానికి చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇరవై మూడో సెక్షను, రోగి చెప్పింది గోప్యంగా ఉంచాలంటుంది.

మాస్టారు: అదే సెక్షను మినహాయింపులూ చదవండి. ప్రజా భద్రత కోసం అవసరమైతే బయట పెట్టవచ్చని అందులోనే రాసుంది. కల్లోలిత ప్రాంతంలో ప్రజా భద్రత కానిదేముంది?

డాక్టరు: నిజమే. ఆ వాక్యం ఈ ప్రాంతాల కోసం ఆలోచించి రాసింది కాదు. కానీ మీరు చెప్పిన ప్రమాదం నా పద్ధతిది. నా వాదనది కాదు. ఏం జరిగిందని అడగకుండానే సగం పని చేయవచ్చు. ఎలా ఉందని అడిగితే చాలు. మధ్యదారి ఒకటి ఇంతకు ముందే ప్రయత్నించారు. మన శాంతా సిన్హా జాతీయ బాలల హక్కుల కమిషన్ మొదటి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు కల్లోల ప్రాంతాల కోసం బాలబంధు అన్న పథకం తెచ్చారు, అప్పటి ఖమ్మం జిల్లా కూడా అందులో ఉంది. వైద్యులను కాదు, ఆ ప్రాంతపు యువతీయువకులనే పిల్లల తరఫున నిలబెట్టారు. బడిలో చేర్పించడం, అంగన్‌వాడీ తెరిపించడం, పిల్ల కనబడకపోతే వెతకడం. మీ చీటీ, నా చీటీ రెండూ ఒకే మనిషి చేతిలో. మనిద్దరం ఇంత వాదించుకుంటున్నాం గాని ఆ బాలబంధు కుర్రాడికి ఈ తేడా కనిపించదు.

మాస్టారు: బాలబంధు నాకూ నచ్చిన ఆలోచనే. ఎందుకు నచ్చిందంటే, అందులో పిల్ల రోగి కాదు. కానీ మీ వైపు ఇంకో తొందర చూస్తున్నాను, దానికి అడ్డం చెప్పాలి. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో చనిపోయిన నంబాల కేశవరావు మన టెక్కలి పక్క జియ్యన్నపేటవారు. 1955లో పుట్టారంటారు. అంటే ఇక్కడ ఎన్‌కౌంటర్లు జరుగుతున్న ఏడు పద్నాలుగేళ్ల కుర్రాడు. ఇక చూడండి, ఆనాటి భయమే ఆయన్ను మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిని చేసిందని రాసేస్తారు. అప్పుడు పిల్లల మానసిక ఆరోగ్యం అంటే రేపటి నక్సలైట్లను ఇవాళే కనిపెట్టడం అయిపోతుంది. పిల్ల కోసం మొదలైన పని భద్రతా శాఖ బడ్జెట్లో తేలుతుంది.

డాక్టరు: ఆ గీత నేను గీయను. ఒక జీవితం చూసి కారణం చెప్పడం వైద్యం కాదు, జాతకం. అదే ఏడు అదే వయసున్న ఉద్దానం పిల్లలు వేలమంది పంతుళ్లయ్యారు, పట్టాలంలో చేరారు, పలాస జీడి బట్టీల్లో పనికి కుదిరారు, వలసపోయారు. భయపడ్డ పిల్లల్లో ఎక్కువమంది ఎవరినీ ఏమీ చేయరు, తమలో తామే కుములుతారు. వాళ్లకోసమే ఈ గోల. రేపు వీడు తుపాకి పడతాడేమో అన్న అనుమానంతో ఇచ్చే వైద్యం నాకూ వద్దు.

మాస్టారు: అయితే ఒక్కటి చెప్పండి. రాసుకోకుండా వినగలరా?

డాక్టరు: వినగలను. కానీ రాసుకోకపోతే పై ఏడు నా చోటికి వచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచీ అడుగుతారు, అదే రాత్రిని పిల్ల చేత పదిసార్లు చెప్పిస్తారు. అది కూడా హింసే. పైగా రాయనిది లెక్కకు రాదు, మళ్లీ 1969కే వెళతాం. పేరు లేకుండా రాస్తాను. ఊరు కూడా వద్దంటే మండలం మటుకు రాస్తాను.

మాస్టారు: ఎన్‌కౌంటర్లో తండ్రి పోయిన తొమ్మిదేళ్ల పిల్ల మండలం మొత్తానికి ఒక్కతే ఉంటే, పేరు రాయకపోయినా రాసినట్టే.

డాక్టరు: పోనీ, ఆ కాగితం ఎవరి దగ్గర ఉండాలో మీరే చెప్పండి. ఆసుపత్రిలో వద్దంటారు, బడిలో ఉంటే మేస్టర్ల మీదికి వస్తుంది. ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలే, ఆమెకూ ఒక పక్షం ఉంటుంది.

మాస్టారు: తల్లి దగ్గర.

డాక్టరు: సోదా అంటూ జరిగితే ముందు వెతికేది ఆ ఇల్లే కదా, మాస్టారూ.